దగ్గినా, తుమ్మినా మూత్రం జారిపోతోందా?

ఓ.పి.లో మోకాళ్ళ నొప్పికి మాత్రలు రాయించుకుని, చీటీ చేత పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చే పెద్దవయసు ఆడవాళ్ళు మాకు తరచు కనిపిస్తారు. వచ్చిన అసలు పని అప్పుడు బయటపడుతుంది. "ఇంగొకటి మేడమ్మా... దగ్గితే ఒంటికి వచ్చేస్తాది. చీర తడిసిపోతాది. వయసైపాయ గదా, ఇంతేనేమో?" అని గొంతు తగ్గించి అడుగుతారు. పక్కన కొడుకో అల్లుడో ఉంటే ఆ మాత్రం మాట కూడా పెగలదు. అందుకే అరవై దాటిన స్త్రీ ఎవరొచ్చినా, వెంట వచ్చిన మగవాళ్ళని కాసేపు బయట కూర్చోమని, "దగ్గినప్పుడు, నవ్వినప్పుడు మూత్రం జారుతోందా?" అని నేనే ముందు అడుగుతాను. అడిగితే చెప్పనివాళ్ళు తక్కువ.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో ఈ బాధ ఎందరిని ఇంటి గడప దాటనివ్వటం లేదో అలా అడిగితేనే తెలుస్తుంది. ఒకావిడ బోయకొండ గంగమ్మ దగ్గరికి వెళ్ళటం మానేసి ఆరేళ్ళయింది. మెట్లెక్కుతుంటే తడిసిపోతుందని ఒక భయం, తడిస్తే మైల అని ఇంకో భయం. పుంగనూరు దగ్గరి పల్లెలో ఉండే మరొకావిడ కుప్పంలో ఉన్న కూతురింటికి పోవటం లేదు. బస్సులో అంతసేపు ఆపుకోలేదు. "చుట్టాలింటికి పోయేదే నిలిపేస్తి" అంది. కూతురేమో అమ్మకి తన మీద ఏదో కోపం అనుకుంటోంది! మనవరాలి పెళ్ళిలో ముందు కూర్చోవలసిన అవ్వ వెనకాల గోడ వారన నిలబడి చూసి వచ్చేసింది. వీటిని కేసు షీటులో ఎవరూ రాయరు. కాని ఈ జబ్బు చేసే నష్టంలో పెద్ద భాగం ఇదే.

ఇంకో నష్టం నీళ్ళు తాగటం మానేయటం. తాగితేనే కదా వచ్చేది అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రెండు గ్లాసులతో సరిపెట్టుకుంటారు. మన ఎండలకి అది ఏమూలకి? మూత్రం చిక్కబడి, మూత్రాశయం లోపలి పొర మండి, ఇంకా తొందర తొందరగా వస్తుంది. మూత్రంలో చీము చేరే అవకాశం పెరుగుతుంది. మలబద్ధకం వస్తుంది. దాంతో ముక్కటం, ముక్కితే కింది కండరాలు ఇంకా సాగటం. ఇక రాత్రి వేళ సంగతి సరేసరి. మరుగుదొడ్డి ఇంటి బయట ఉంటుంది. ఆపుకోలేక చీకట్లో పరుగెత్తి, జారి పడి, తుంటి ఎముక విరిగి మంచాన పడ్డవాళ్ళున్నారు. ఎముకకి ఆపరేషన్ జరుగుతుంది గాని, ఎందుకు పరుగెత్తావని ఎవరూ అడగరు.

వయసు వల్ల ఒంట్లో పట్టు తగ్గే మాట నిజమే. అంతమాత్రాన మూత్రం జారటం వయసుతో పాటు తప్పక రావలసిన ముచ్చట కాదు. కత్తీ మందూ లేకుండా, రోజుకి పావుగంట అభ్యాసంతో చాలామందికి తగ్గే బాధ ఇది. ఆ అభ్యాసం ఏమిటో, దాన్ని సరిగ్గా చేయటం ఎలాగో చెప్పటానికే ఈ వారం ఇంత రాస్తున్నాను.

నులక మంచం సంగతి

మన నడుము కింది ఎముకల చట్రాన్ని ఒక మంచం కోళ్ళూ పట్టెలూ అనుకోండి. దానికి అడుగున నులక అల్లినట్టుగా కండరాలు పరుచుకుని ఉంటాయి. ముందు ముడ్డెముక దగ్గర నుంచి కాదు, పొత్తికడుపు కింది ఎముక దగ్గర నుంచి వెనక ముడ్డెముక దాకా అల్లిక ఉంటుంది. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. మనం కటి అడుగు కండరాలు అందాం. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం ఈ అల్లిక మీదే ఆనుకుని ఉంటాయి. మూత్రనాళం, యోనిమార్గం, మలద్వారం మూడూ దీని గుండానే బయటికి వస్తాయి. అల్లిక బిగువుగా ఉన్నంత కాలం దగ్గు వచ్చినప్పుడు అది తనంతట తాను పైకి బిగిసి మూత్రనాళాన్ని మూసి పట్టుకుంటుంది. వదులైతే, నులక వదులైన మంచం మీద మనిషి గుంటలోకి జారినట్టు పైనున్న అవయవాలు దిగజారతాయి. దగ్గగానే నాళం తెరుచుకుంటుంది.

ఎందుకు వదులవుతుంది? కాన్పులు మొదటి కారణం. నాలుగైదు కాన్పులు, అందులో గంటల తరబడి నొప్పులు పడ్డవి, మూడో రోజుకే మళ్ళీ పనిలోకి దిగినవి. బహిష్టులు ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గి అక్కడి పొరలు పలచబడటం రెండోది. స్థూలకాయం, మలబద్ధకం, ఏళ్ళ తరబడి దగ్గు. ఈ దగ్గు గురించి ఒక మాట. 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలిసినప్పటి నుంచీ దగ్గుని తేలిగ్గా తీసుకోగూడదని ఈ ప్రాంతం వాళ్ళకి తెలుసు. రెండు వారాలు దాటిన దగ్గుకి కళ్ళె పరీక్ష చేయించుకోవాలనీ తెలుసు. కాని కట్టెల పొయ్యి పొగ పీల్చి పీల్చి ముప్పై ఏళ్ళుగా దగ్గుతున్న ఆడవాళ్ళ దగ్గుని మాత్రం ఎవరూ దగ్గుగా లెక్కెయ్యరు. రోజుకి వందసార్లు దగ్గే మనిషికి ఆ నులక మీద వందసార్లు గుద్దు పడుతున్నట్టే. దగ్గుకి వైద్యం చేయించకుండా కింద ఎంత బిగించినా సగం శ్రమ వృథా.

నిండు టొమాటో క్రేటు ఎత్తినప్పుడు, బావి దగ్గర బిందె చంకనేసుకున్నప్పుడు, పశువులకి గడ్డిమోపు దించినప్పుడు కూడా పొత్తికడుపులో ఒత్తిడి ఇలాగే పెరుగుతుంది. పని మానుకోమంటే మానుకునే పరిస్థితి ఎంతమందికి ఉంది? అందుచేత పని చేస్తూనే కండరాన్ని కాపాడుకునే ఉపాయం ఒకటుంది. కింద చెబుతాను.

రెండు రకాలు

దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బరువెత్తినా కాస్త కాస్త జారటం ఒక రకం. ఇది కండరం వదులు వల్ల వచ్చేది. ఒంటికి రావాలనిపించిందంటే దొడ్డి చేరేలోపే అయిపోవటం రెండో రకం. ఇక్కడ మూత్రాశయం నిండకుండానే ముడుచుకుపోతోందన్నమాట. కొళాయి శబ్దం విన్నా, తలుపు తాళం తీస్తున్నా కొందరికి ఆగదు. పెద్దవయసులో ఈ రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. మీది ఏ రకమో మీరు మూడు రోజులు గమనించి, ఎన్నిసార్లు వెళ్ళారు, ఏం చేస్తుంటే జారింది, ఎన్ని గ్లాసులు తాగారు అని మనవడి చేతనో మనవరాలి చేతనో ఒక కాగితం మీద రాయించుకొస్తే, డాక్టరుకి సగం పని అయిపోయినట్టే.

ముందు కొన్ని పరీక్షలు తప్పవు. మూత్ర పరీక్ష, రక్తంలో చక్కెర. చక్కెర జబ్బు ముదిరితే మూత్రం ఎక్కువగా వస్తుంది, ఆపుకునే శక్తీ తగ్గుతుంది. రక్తపోటుకి కొందరికి నీరు పోయే మాత్రలు ఇస్తారు. సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేవాల్సిందే. మాత్ర మీ అంతట మీరు మానకండి. పొద్దున వేసుకోవచ్చునా అని రాసిన డాక్టర్ని అడగండి.

గర్భసంచి తీసేస్తే పోతుందా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. పక్కింటావిడ తీయించుకుంది, మాకూ తీసేయండి అంటారు. మన రాష్ట్రంలో ఈ ఆపరేషన్ ఎంత విరివిగా జరుగుతోందో ఒక లెక్క చెబుతాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది! గర్భసంచిలో జబ్బు ఉంటే తీయించుకోవలసిందే. మూత్రం జారుతోందని మాత్రం తీయించుకోవటంలో అర్థం లేదు. పైగా స్వీడన్ దేశపు స్త్రీల మీద జరిపి 2007లో ప్రచురించిన ఒక పెద్ద పరిశీలనలో, గర్భసంచి తీయించుకున్నవాళ్ళకి ఆ తర్వాత మూత్రం జారటానికి ఆపరేషన్ అవసరపడటం మిగతావాళ్ళలో కంటే రెండింతలకి పైగా ఉందని తేలింది. మంచం నులక వదులైతే మంచం మీది దిండు తీసి పారేస్తే ఏం లాభం?

నులక బిగించే అభ్యాసం

1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ స్త్రీవైద్య నిపుణుడు, కాన్పుల వల్ల వదులైన ఈ కండరాలని అభ్యాసంతో తిరిగి బలపరచవచ్చునని ఒక వ్యాసం రాశాడు. బిగింపు ఎంత ఉందో ముల్లు కదిలి చూపించే చిన్న పరికరం కూడా తయారుచేశాడు. ఆయన పేరు మీదే వీటిని కెగెల్ వ్యాయామాలంటారు. మన హఠయోగంలో మూలబంధం, అశ్వినీ ముద్ర అని చెప్పినవి కూడా ఈ ప్రాంతపు కండరాలని బిగించే అభ్యాసాలే. అయితే యోగంలో మాదిరిగా ఇక్కడ ఊపిరి బంధించకూడదు. రక్తపోటు ఉన్నవాళ్ళు మరీ గుర్తుంచుకోవాలి.

మొదట కండరం ఎక్కడుందో కనుక్కోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పాదాలు నేల మీద ఆనించండి. నలుగురిలో కూర్చున్నప్పుడు అపానవాయువు వస్తే ఎలా బిగబడతారో అలా మలద్వారాన్ని బిగించి, అదే పట్టుని ముందుకి, మూత్రం వచ్చే చోటు దాకా తీసుకొచ్చి, మొత్తాన్ని లోపలికీ పైకీ లాగండి. అదే ఆ కండరం. ఒక చెయ్యి పొట్ట మీద వేసి చూసుకోండి. పొట్ట గట్టిపడకూడదు. పిరుదులు బిగుసుకోకూడదు. తొడలు దగ్గరికి నొక్కకూడదు. ఊపిరి మామూలుగా ఆడుతూ ఉండాలి. బయట నుంచి చూసేవాళ్ళకి మీరు ఏదో చేస్తున్నట్టే తెలియకూడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చూడమని కొందరు చెబుతారు. కండరం ఎక్కడుందో తెలియటానికి ఎప్పుడో ఒకసారి చేస్తే చేశారు గాని, దాన్నే అభ్యాసంగా పెట్టుకోవద్దు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది.

ఇప్పుడు అభ్యాసం. బిగించి మనసులో మూడు అంకెలు లెక్కపెట్టండి. వదిలేసి, అంతసేపూ విశ్రాంతి ఇవ్వండి. పూర్తిగా వదలటం కూడా అభ్యాసంలో భాగమే. ఇలా ఎనిమిది నుంచి పది సార్లు. తర్వాత టకటకమని బిగించి వదలటం మరో ఎనిమిది పది సార్లు. ఇది ఒక విడత. రోజుకి మూడు విడతలు. వారం వారం ఒక్కో అంకె పెంచుకుంటూ పది దాకా వెళ్ళండి. పడుకుని బాగా వచ్చాక కూర్చుని, అదీ వచ్చాక నిలబడి చేయాలి. జారేది నిలబడి ఉన్నప్పుడే కదా! దీనికి వేరే చాప, వేరే గది అక్కర్లేదు. పొద్దున కాఫీ కాగేలోపు ఒకటి, పట్టుపురుగులకి మల్బరీ ఆకు కోస్తూ ఒకటి, రాత్రి టీవీ సీరియల్ మధ్య ప్రకటనలొచ్చినప్పుడు ఒకటి. ఇలా పెట్టుకున్నవాళ్ళే మానకుండా చేస్తున్నారు. "తీరికున్నప్పుడు చేస్తాను" అన్నవాళ్ళెవరూ నెల దాటి చేయగా నేను చూడలేదు.

ఇక ఇందాక చెప్పిన ఉపాయం. దగ్గు వస్తోందని తెలిసిన క్షణంలో, దగ్గకముందే ఆ కండరాన్ని బిగించి పట్టి, అప్పుడు దగ్గండి. బిందె ఎత్తేముందు, కుర్చీలోంచి లేచేముందు కూడా అంతే. చాలా చిన్న సంగతిలా కనిపిస్తుంది. 1998లో అమెరికాలో 27 మంది పెద్దవయసు స్త్రీలకి ఈ ఒక్క కిటుకు నేర్పి వారం తర్వాత పరీక్షించారు. ఓ మాదిరి దగ్గుకి జారే మూత్రం దాదాపు పూర్తిగా ఆగిపోయింది. గట్టి దగ్గుకి జారేది నాలుగింట మూడొంతుల దాకా తగ్గింది. కండరం బలపడటానికి వారం చాలదు. అంటే ఇక్కడ పనిచేసింది బలం కాదు, సమయానికి బిగించటం.

బలం రావటానికి మూడు నెలలు పడుతుంది. పొలానికి నీళ్ళు కట్టిన మర్నాడే కోతకి వెళ్ళం కదా. మొదటి మూడు నాలుగు వారాల్లో ఏ తేడా తెలియకపోవచ్చు. చాలామంది మానేసేది సరిగ్గా అప్పుడే. ప్రపంచంలో జరిగిన పరిశోధనలని కూడగట్టి తూచే కాక్రేన్ సంస్థ 2018లో ఇచ్చిన సమీక్ష ప్రకారం, దగ్గితే జారే రకంలో ఈ అభ్యాసం చేసినవాళ్ళలో నూటికి 56 మంది తమకి పూర్తిగా తగ్గిందన్నారు. ఏమీ చేయనివాళ్ళలో అలా అన్నది ఆరుగురు.

ఫిజియోథెరపిస్టు ఎందుకు?

ఇంత వివరంగా రాశాక ఇంకా ఎందుకని అడగవచ్చు. మాటతో చెబితే సరిగ్గా పట్టుకునేది సుమారు సగం మందే. 1991లో ప్రచురించిన ఒక అమెరికన్ పరిశీలనలో నోటిమాటగా చెప్పి చేయించినప్పుడు నలుగురిలో ఒకరు, పైకి లాగటానికి బదులు కిందికి ముక్కుతున్నారని తేలింది. అలా చేస్తే జబ్బు తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే ఒక్కసారైనా తెలిసినవాళ్ళు పరీక్షించి చూడాలి. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు, లేదా స్త్రీవైద్యురాలు, మీరు ఒప్పుకుంటేనే, గ్లవుజు వేసుకున్న వేలితో లోపల పరీక్ష చేసి కండరం పైకి లేస్తోందో లేదో చెబుతారు. నొప్పి ఉండదు. రెండు నిమిషాల పని. ఆడవాళ్ళే చూడాలని అడిగే హక్కు మీకుంది. కండరం బొత్తిగా కదలనివాళ్ళకి సన్నని కరెంటు ఇచ్చి కదలిక తెప్పించే పద్ధతి కూడా ఉంది.

ఫిజియోథెరపీ అంటే పక్షవాతానికీ, మోకాళ్ళకీ, జారిపోయిన భుజానికీ మాత్రమే అని మన జనం అభిప్రాయం. నిజం చెప్పాలంటే డాక్టర్లలో కూడా కొందరి అభిప్రాయం అదే. 2010-11లో మొదలైన కేంద్ర ప్రభుత్వపు వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమంలో ఫిజియోథెరపీకి చోటు పెట్టారు. కుప్పం వైపు వాళ్ళకి 2001లో వెలిసిన పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మదనపల్లె, పుంగనూరులలో ప్రభుత్వాసుపత్రులున్నాయి. వెళ్ళినప్పుడు "మూత్రం జారుతోంది, కింది కండరాలకి వ్యాయామం నేర్పిస్తారా?" అని సూటిగా అడగండి. అడిగేవాళ్ళు పెరిగితేనే నేర్పేవాళ్ళూ పెరుగుతారు. కుప్పంలో తమిళం మాట్లాడే అవ్వలు, కన్నడం మాట్లాడే అవ్వలు మూడో భాషలో ఈ మాట చెప్పలేక ఊరుకుంటారు. వాళ్ళ వెంట కూతురో కోడలో రావటం మంచిది.

తొందర ఆగనివాళ్ళకి

రెండో రకం వాళ్ళు, రావాలనిపించగానే పరుగెత్తకండి. పరుగు తొందరని పెంచుతుంది. ఉన్నచోటనే ఆగి, వీలైతే కూర్చుని, కండరాన్ని ఐదారుసార్లు గబగబా బిగించి వదలండి. ఆ ఉధృతం అల లాంటిది, కాసేపటికి దిగుతుంది. దిగాక నెమ్మదిగా నడిచి వెళ్ళండి. గంటకోసారి వెళ్ళే అలవాటుంటే గంటుంపావు ఆపండి, వారం తర్వాత గంటన్నర. ఇలా మూడు గంటల దాకా తీసుకురావచ్చు. 'ఎందుకైనా మంచిది' అని ప్రతి అరగంటకీ వెళ్ళివస్తే మూత్రాశయం కొంచెం నిండినా తట్టుకోలేని స్థితికి వస్తుంది. కాఫీ, టీ తగ్గించండి, నీళ్ళు తగ్గించకండి. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల డాక్టరు కొలత పెట్టినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఆరు నుంచి ఎనిమిది గ్లాసులు తాగాలి. పడుకోబోయే ముందు రెండు గంటలు మాత్రం తగ్గించవచ్చు. రాగి సంగటి, ఆకుకూర తిని ముక్కకుండా విరేచనం అయ్యేట్టు చూసుకోండి.

తడి గుడ్డ ఒంటి మీద ఉంచుకోకండి. మడతపెట్టిన పాత చీర గుడ్డ వాడేవాళ్ళు తడిసినప్పుడల్లా మార్చి, ఉతికి ఎండలో ఆరేయాలి. నీడలో, ఎవరూ చూడకుండా మూలన ఆరేస్తే ఒరుపులూ పుళ్ళూ వస్తాయి.

అభ్యాసంతో సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకి చూపించవలసినవి ఇవి: మూత్రంలో రక్తం, మంట, చలిజ్వరం, కింద నుంచి గడ్డలా జారి బయటికి కనపడటం, మూత్రం పోయాలన్నా రాకపోవటం, కాళ్ళలో బలం తగ్గి హఠాత్తుగా మూత్రం అదుపు తప్పటం, కాన్పు తర్వాతో ఆపరేషన్ తర్వాతో రాత్రీ పగలూ ఆగకుండా కారుతూనే ఉండటం. చివరిదానికి కారణం లోపల రంధ్రం పడటం కావచ్చు. దానికి ఎన్ని వ్యాయామాలు చేసినా లాభం లేదు, ఆపరేషనే మార్గం. గర్భసంచి జారినవాళ్ళలో ఆపరేషన్ వద్దనుకునేవాళ్ళకి లోపల అమర్చే రబ్బరు లేక సిలికాన్ రింగు ఉంది. బహిష్టులు ఆగి అక్కడి పొర ఎండిపోయినవాళ్ళకి ఈస్ట్రోజన్ పూత మందు కొంత మేలు చేస్తుంది. డాక్టరు చూసి రాస్తేనే వాడాలి. మూడు నెలలు సక్రమంగా చేసినా దగ్గుకి జారటం తగ్గకపోతే, మూత్రనాళానికి ఆసరా ఇచ్చే ఆపరేషన్లున్నాయి. ఆ మాట అప్పుడు ఆలోచించవచ్చు.

తగ్గింది కదా అని అభ్యాసం పూర్తిగా మానేస్తే కండరం మళ్ళీ సడలుతుంది. మూడు నెలల తర్వాత రోజుకి ఒక విడత చాలు. ఇంట్లో కోడలికి కొత్తగా కాన్పయి ఉంటే, డాక్టరు సరేనన్న రోజు నుంచి ఆమె చేత కూడా మీ పక్కన కూర్చోబెట్టి చేయించండి.